గట్టు మీది కుండ

మా కుక్క గట్టు మీద చచ్చి పడి ఉంది. పొద్దున్నే సరుగుడు తోట చూసుకోవడానికి పోతే కనపడింది. నోటి నిండా ఇసుక, ముందుకాళ్ళు రెండూ కర్రల్లా బిగుసుకుపోయి ఉన్నాయి. ఎత్తుదామని చేతికర్ర నేలకు ఆనించి మెల్లగా వంగుతున్నాను. నా మోకాళ్ళకు వంగడమంటే పెద్ద పని. ఆ ఆలస్యంలోనే కుక్క పక్కన చచ్చిన తొండ ఒకటి కనపడింది. ఆ తొండ మీదుగా సన్నటి ఇనుప తీగ కనపడింది. మోకాలెత్తు కూడా లేదు. గడ్డిలో గడ్డిలా కలిసిపోయి ఉంది. నన్ను బతికించింది తెలివి కాదు, మోకాళ్ళ నొప్పి.

అవతలి వేరుశనగ చేనువాడు పందుల కోసం కరెంటు పెట్టాడు. తన చేలో కాదు, మా ఇద్దరికీ ఉమ్మడిగా ఉన్న గట్టు మీద.

వేట ఇప్పుడు నేరం. మంచిదే, నేను వద్దనను. కానీ ఈ తీగ ఏమిటి? తుపాకి పట్టినవాడు కాల్చబోయే ముందు కనీసం కన్ను తెరిచి చూస్తాడు. తీగ చూడదు. పందిని, కుక్కను, చెంబు పట్టుకుని చేలోకి పోయే ముసలివాణ్ణి అది ఒకే రకంగా పట్టుకుంటుంది. పెట్టినవాడు ఇంట్లో ఫ్యాను కింద పడుకుని ఉంటాడు. దీన్ని వేట అనడానికి కూడా నాకు నోరు రాదు. ఎలుకల బోనుకైనా ఇంతకంటే మర్యాద ఉంది, ఎర కనపడేట్టు పెడతారు.

అంత కోపంతోనూ చుట్టు తిరిగి అతని మోటారు షెడ్డు దగ్గరికి పోయాను. నలభై దాటినవాడు, నాకు వరసకు అల్లుడు. మందు కొట్టే డబ్బా కడుగుతున్నాడు.

“ఒరే అల్లుడా, గట్టు నీ ఒక్కడిదేనా?”

“ఏంది మామా, పొద్దున్నే మీదకొస్తా ఉండావు?”

“నా కుక్క చచ్చింది నీ తీగ తగిలి. దాని పక్కన నేను గూడా పడుండాల్సింది.”

అతని ముఖం పాలిపోయింది. పరుగున పోయి స్విచ్చి కట్టేసి వచ్చాడు. తల గోక్కున్నాడు.

“తెల్లారగానే స్విచ్చి కట్టెయ్యాలనే అనుకున్నా మామా. గట్టుకు ఎర్రగుడ్డలు గూడా కడదామని తెచ్చి పెట్టినా, అదిగో, సంచిలోనే ఉండాయి. మరిచిపోయినా. ఏం చేస్తాం, కుండ మరిచిన కొంప గదా మాది. మా జేజి బుద్ధి యాడికి పోద్ది?”

అని చిన్నగా నవ్వాడు.

నేను దారి పొడుగునా పోగుచేసుకుని వచ్చిన తిట్లు ఒక్కటీ బయటికి రాలేదు.

మా ఊళ్ళో ఎవరైనా పాలు పొంగబెట్టుకుంటే ‘కుండ మరిచినమ్మ’ అంటారు. బస్సులో గొడుగు మరిచినా అంతే, మాత్ర వేసుకోవడం మరిచినా అంతే. ఆ అమ్మ ఎవరో, ఆ కుండ ఏ కుండో ఇప్పటి పిల్లలకు తెలియదు. ఆమె ఈ అల్లుడి జేజి, అంటే వాళ్ళ నాయన తల్లి. నాకు అత్త. ఆమె కుండ మరిచిపోలేదు. అది తెలిసినవాణ్ణి ఈ భూమి మీద ఇప్పుడు నేనొక్కణ్ణే. నేను కూడా పోతే ఆ మాట అట్లాగే నిలిచిపోతుంది.

నా చిన్నప్పుడు గట్టుకు మావైపు రాగి వేసేవాళ్ళం. గట్టవతల అత్తామామలది సజ్జ. చేల వెనక ఉప్పుకాలువ, కాలువ వెనక ఇసుక దిబ్బలు, ఆపైన సముద్రం. ఎప్పుడూ దాని హోరు ఉండేది కాబట్టి మాకు అది వినపడేది కాదు. దిబ్బల మీద మొగలి పొదలూ తుమ్మకంపా దట్టంగా ఉండేవి. వాటిలో పందులు. సజ్జ పాలుపోసుకుందంటే దిగేవి. గుంపుగా ఒక్కసారి దిగాయంటే ఆ ఏడు ఆ ఇంటికి సంగటి లేనట్టే. తిన్నది తక్కువ, తొక్కింది ఎక్కువ.

ఊరికంతటికీ తుపాకి ఒకటే. పంట కాపుకని లైసెన్సు ఉన్న నాటు తుపాకి. అది మునసబు ఇంట్లో దూలానికి వేలాడేది. కాల్చడం మాత్రం మా నాయన పని. ఆయన గురి అటువంటిది. తుపాకి మా ఇంటికి వచ్చిన రోజు వసారా అంతా గంధకం వాసన, ఆముదం వాసన. గొట్టానికి ఆముదం రాసి, పాత గుడ్డతో తుడుస్తూ కూర్చునేవాడు. “ఆ దరిద్రాన్ని నా పొయ్యి దరిదాపులకు తేబాక” అని అమ్మ లోపలినుంచి అరిచేది. వేటకూర కూడా వంటింట్లో వండేది కాదు. పెరట్లో మూడు రాళ్ళు పెట్టి, అంచు పగిలిన దాకలో, మిరియాలూ ధనియాలూ ముక్కు మండేట్టు నూరి వేసి వండేది. ఆ కూరా వేడి సంగటీ తిన్న మర్నాడు కూడా వేళ్ళు వాసన చూసుకునేవాళ్ళం.

నాయన నాకు తుపాకి కంటే ముందు గట్టు నేర్పాడు.

గట్టు మీద నిలబడి కాల్చకూడదు. గట్టు వైపుకు కుక్కల్ని ఉసిగొల్పకూడదు. పిల్లలతో ఉన్న పంది మీదికి తుపాకి ఎత్తకూడదు. పక్కింట్లో పురుడుంటే వాళ్ళకు వినపడేంత దూరంలో డబ్బాలు వాయించకూడదు. దెబ్బతిన్న జంతువు గట్టు దాటి అవతల పడిందా, ఇక అది మనది కాదు. గొట్టం నేలకు వంచి, తలగుడ్డ తీసి చేతిలో పట్టుకుని గట్టు మీద నిలబడి కేక వేయాలి. చేనుగలవాడు వచ్చి తీసుకోమంటేనే అవతల కాలు పెట్టాలి. కుడి తొడ వాళ్ళది. రెండిళ్ళకూ మాటల్లేకపోయినా, కోర్టులో ఉన్నా, కుడి తొడ వాళ్ళదే.

ఒకసారి నాయన అట్లా కేక వేసి మిట్టమధ్యాహ్నం దాకా గట్టు మీద కూర్చున్నాడు. మామ ఇంట్లోనే ఉన్నాడు, వినపడింది కూడా. కావాలనే రాలేదు. రెండు రోజుల ముందు మా దూడ వాళ్ళ సజ్జలో పడింది, అదీ సంగతి. ఈగలు ముసిరాక వచ్చాడు.

“ఏం బావా, కాళ్ళు తిమ్మిరెక్కినట్టుండాయి?”

“నా కాళ్ళు, నా తిమ్మిరి. నీకేం?”

“దూడ కాళ్ళు గూడా నీయే గదా బావా. అయ్యి మాత్రం బాగా నడస్తా ఉండాయి.”

ఇద్దరూ నవ్వలేదు. నాయన లోపలికి పోయి, అక్కడే కుడి తొడ కోసి మామ చేతికిచ్చి, మిగిలింది భుజాన వేసుకుని వచ్చాడు. దారిలో నేను మామను ఏదో అనబోతే నా నెత్తి మీద ఒక్కటి ఇచ్చాడు. “ఆయన రాకపోవడం ఆయన తప్పు. మనం దాటకపోవడం మన పని. రెండూ కలపబాక” అన్నాడు.

వీటన్నిటికీ పైన కుండ.

సజ్జ మనిషిని మించి ఎదుగుతుంది. లోపల ఉన్నది మనిషో పందో బయటికి తెలియదు. రెండూ కదిలితే ఒకే చప్పుడు. అందుకని ప్రతి గట్టు మీదా ఒక కర్ర పాతి ఉంచేవాళ్ళు. చేలోకి మనిషి పోయాడంటే ఆ ఇంటి ఆడమనిషి సున్నం పూసిన కుండ తెచ్చి ఆ కర్ర మీద బోర్లించేది. మనిషి బయటికొస్తే దించేది. కుండ ఉంటే ఆ వైపు తుపాకి లేవదు. పంది ఎదురుగా నిలబడి పళ్ళికిలించినా లేవదు. కుండ లేకపోతే చేను ఖాళీ. ఇది ఏ కాగితం మీదా లేదు, ఏ అధికారీ సంతకం పెట్టలేదు. నేను బడికి పోయింది తక్కువ. పొట్లాలు కట్టిన కాగితాలు విప్పి చదువుకుంటూ అక్షరాలు పట్టినవాణ్ణి. తర్వాత చాలా చట్టాలు చదివాను. ఆ కుండ అంత తేటగా ఉన్న చట్టం నాకు ఇంతవరకు దొరకలేదు.

గట్టవతల అత్తకు ఆ కుండంటే మరీ పట్టింపు. సన్నటి మనిషి, ఎప్పుడూ ఆకువక్క నములుతూ ఉండేది. నడుముకు సున్నపుకాయ. పొద్దున్నే ఆకుకు కొంచెం సున్నం తీసుకుని, మిగిలింది నీళ్ళలో కలిపి కుండకు పూసేది. వానకు తడిసి పాలిపోతే ఊరుకునేది కాదు. “తెల్లగా లేకపోతే అది కుండెట్టయ్యిద్ది?” అనేది.

మా అమ్మకూ ఆమెకూ కోళ్ళ దగ్గర రోజూ తగవే, మొదలుపెట్టేది అత్త.

“ఏం వదినా, మీ కోళ్ళకు మా దిబ్బ తప్ప వేరే దిక్కుల్యాదా?”

“మా కోడి మీ గంపలో గుడ్డు పెట్టింది గదా, ముందు అది ఇచ్చి ఆనక అడుగు.”

“ఆ గుడ్డు కోసం మా పుంజు ఎంత తిరిగిందో, దాని కూలి ఎవురిస్తారు?”

అమ్మకు నవ్వొచ్చి లోపలికి పోయేది, తగవులో ఓడిపోయినట్టు. ఆ తగవు జరుగుతుండగానే అత్త నన్ను వెనక నుంచి పిలిచేది. కొంగులో ఇసుకలో వేయించిన శనక్కాయలు, ఇంకా వేడివి. పైన ఇసుక కూడా అంటుకుని ఉండేది. “మీ అమ్మకు చెప్పబాక” అనేది. నేను చెప్పేవాణ్ణి కాదు. ఆమె దగ్గర నాకు చెప్పకుండా ఉండడం బాగా అలవాటైంది.

ఆ రోజు పొద్దున దూడను తోలుకుని ఉప్పుకాలువకు పోతున్నాను. నాకు తొమ్మిదో పదో ఏళ్ళు. పోటు తగ్గి నీళ్ళు బాగా తీసి ఉన్నాయి. అటువంటప్పుడు బురద గట్టుల్లో బొక్క బొక్కకూ పీత ఉంటుంది. ఒక్కటే లోటు, ఉడకేసుకోవడానికి పాత్ర లేదు. ఇంటికి పోయి అడిగితే పాత్ర ఇవ్వరు, పని చెబుతారు.

గట్టు మీద కుండ ఉంది.

నాయన చెప్పింది గుర్తు లేక కాదు. కర్ర కింద నిలబడ్డాను. సజ్జ వైపు తిరిగి “మామా” అని కేక వేశాను. పలకలేదు. “చిన్నమామా” అని ఇంకోటి వేశాను. చిన్నమామ అంటే మామ తమ్ముడు. ఇరవై ఏళ్ళుంటాయి, ఆ మధ్యనే పిల్లను చూసి వచ్చారు. ఆయనా పలకలేదు. కంకుల మీద చిలకలు గుంపులుగా వాలి తింటున్నాయి. లోపల మనిషే ఉంటే చిలకల్ని తోలకుండా ఉంటాడా? అందుకని నాకు తోచింది ఒకటే.

అత్త దించడం మరిచిపోయింది.

ఆ మాట ఆమెను మొదట అన్నది నేను. నోటితో కాదు, మనసులో. అయినా మొదట నేనే.

కుండ దించి చంకలో పెట్టుకుని పోయాను. చేతులకూ చొక్కాకూ సున్నం అంటింది.

ఎండిన కంప పోగుచేసి మంట వేశాను. కాలువ నీళ్ళకు ఉప్పు వేసే పని లేదు. పీతలు ఎర్రబడుతుంటే వచ్చే వాసన నాకు ఈ రోజుకీ అట్లాగే తెలుసు. అప్పటినుంచి పీతలు ముట్టలేదని రాస్తే బాగుంటుంది. అది అబద్ధం. తింటాను. ఆ రోజు కూడా కడుపు పట్టినన్ని తిన్నాను. రెండో వాయికి కుండ అడుగు చిట్లింది. కాలువలోకి విసిరేశాను. రేపు మా పెరట్లో పాతకుండ ఒకటి తెచ్చి పెట్టేద్దామనుకున్నాను.

చేతులు కడుక్కుంటూ ఉండగా తుపాకి పేలింది. నాకు సంతోషం వేసింది. ఈ పూట వేటకూర అనుకున్నాను. తర్వాత కేక వినపడింది. పందిని కొట్టినప్పుడు వేసే కేక కాదు.

జరిగింది ఇది. కుక్కలు తుమ్మకంపలోంచి ఒక మగపందిని లేపాయి. అది మా రాగిచేను అంచునే పరుగెత్తి గట్టు దాటి సజ్జలో దూరింది. నాయన కర్ర వైపు చూశాడు. ఒకసారి కాదు, రెండుసార్లు చూశానని తర్వాత చెప్పాడు. బోసి కర్ర. కంకులు కదిలిన చోటికి కాల్చాడు. రాత్రంతా గట్టు మీద కాపలా కాసి, పొద్దున చిలకల్ని తోలడానికి లోపలికి దిగి చేను నడుమ పడి నిద్రపోయిన చిన్నమామ కుక్కల మొరుగుడుకు అప్పుడే లేచి నిలబడ్డాడు. సీసపు గుండ్లు ముఖాన తగిలాయి.

నెల్లూరుకు బండి కట్టారు. నాయన బండి పక్కనే పరుగెత్తాడు. ఎక్కమంటే ఎక్కలేదు. చిన్నమామ బతికాడు. రెండు కళ్ళూ పోయాయి.

నాలుగో రోజు చావడి అరుగు మీద పెద్దలు కూర్చున్నారు. చిన్నమామ ఇంకా ఆసుపత్రిలోనే ఉన్నాడు. అత్త కింద నిలబడి ఉంది. మా నాయన తలగుడ్డ చేతిలో పట్టుకుని ఇంకోవైపు నిలబడి ఉన్నాడు, గట్టు మీద నిలబడ్డట్టే.

“కర్ర చూసినావా?” అని పెద్దాయన నాయనను అడిగాడు.

“చూసినా. కుండ ల్యా.”

“ఏమ్మా, నువ్వేమంటావు?”

“నేను పెట్టినా. మరిది చేలోకి పోయిన ఎనకాలే పెట్టినా. సున్నం కొత్తగా పూసి మరీ పెట్టినా. ఆ పొద్దు నా చేతికి సున్నం గూడా ఉంది, మా ఆయన్ను అడగండి.”

“సున్నం ఆకు వేసుకునే ఎవురి చేతికైనా ఉంటాది.”

అరుగు మీద ఎవరో నవ్వారు. ఆమె నోరు ఎర్రగా ఉంది. ఆ ఎరుపే ఆమె మీద సాక్ష్యమైపోయింది.

“పెడితే కుండ ఏమైనట్టు? కాళ్ళొచ్చి నడిచిపోయిందా? పగిలితే పెంకులన్నా ఉండాల గదా? గట్టంతా ఎతికినారు. ఒక్క పెంకు ల్యా.”

“నాకేం తెలుసు? నేను పెట్టినా. నా బిడ్డ మీద ఒట్టు.”

“బిడ్డల మీద ఒట్లెందుకే” అని మామ గర్జించాడు. భార్య వైపు చూడకుండా అన్నాడు. ఆ రోజు మొదలు ఆయన ఆమె వైపు చూసి మాట్లాడింది నేనెరగను.

అప్పుడు మా నాయన నోరు విప్పాడు. ఆయన మంచివాడు. ఆమెను కాపాడాలనే మాట్లాడాడు.

“ఆ తల్లి అబద్ధమాడే మనిషి కాదు పెద్దాయనా. పనుల్లో పడి మరిచిపోయుంటాది, అంతే. మనిషన్నాక మరుపు రాదా? కాల్చింది నేను. పాపం నాది.”

అదే తీర్పయింది. అబద్ధం అని ఉంటే ఆమె కొట్లాడేది. మరుపు అన్నాక ఎవరితో కొట్లాడాలి?

నేను స్తంభం పక్కన, చేతులు వీపు వెనక పెట్టుకుని నిలబడి ఉన్నాను. వాటికి సున్నం లేదు, కాలువ నీళ్ళలోనే పోయింది. అయినా వెనకే పెట్టుకున్నాను. ఒక్క మాట చాలు. నాయన నన్ను చంపుతాడని భయం. ఆ భయం నిజమే. దాన్ని అడ్డం పెట్టుకుని ఇన్నేళ్ళు బతకడం మాత్రం భయం కాదు.

నాయన తుపాకి మునసబు ఇంట్లో ఇచ్చేసి మళ్ళీ ముట్టలేదు. వాళ్ళ పంట తనే కోసి, మోపులు వాళ్ళ కళ్ళంలో వేసి, తర్వాతి పంటకు చేను కూడా తనే దున్నాడు. వాళ్ళూ వద్దనలేదు, రమ్మనలేదు. తర్వాత ఊళ్ళో ఎవరూ సజ్జ చేల వైపు తుపాకి ఎత్తలేదు. కుండ ఉంటే మనిషున్నాడని నమ్మవచ్చు, లేకపోతే లేడని ఎట్లా నమ్మాలి? ఆ నమ్మకం పోయాక కుండలు పెట్టడమూ మానేశారు. కర్రలు చెదలు పట్టి పడిపోయాయి. అటు తర్వాత వచ్చాయి ఉచ్చులు, ఆపైన నాటుబాంబులు, ఇప్పుడు తీగలు. ఈ కాలం పాడైపోయిందని నేను ఎన్ని అరుగుల మీద అరిచానో లెక్కలేదు. ఆ పాడు ఎక్కడ మొదలైందో తెలిసి కూడా అరిచాను.

ఇంటికి తెచ్చిన చిన్నమామకు అత్త తన చేత్తో కలిపి ముద్దలు పెట్టేది. చెయ్యి పట్టుకుని కాలువగట్టు దాకా నడిపించేది. చూసివచ్చిన పిల్ల తరఫువాళ్ళు మాట మార్చుకున్నారు. ఆమె తనే కళ్ళు పొడిచినదానిలా చాకిరీ చేసింది. ఆకువక్క మానేసింది. అది మాత్రమే కాదు. తలుపు గడియ వేసి మూడడుగులు పోయి మళ్ళీ వచ్చి చూసుకునేది. నీళ్ళు తోడి, తోడానా లేదా అని బానలో చెయ్యి పెట్టి చూసేది. “ఒరే, నేను పొయ్యి ఆర్పినానా?” అని పిల్లల్ని అడిగేది. పిల్లలు నవ్వేవాళ్ళు. ‘కుండ మరిచినమ్మ’ అని అప్పుడే మొదలైంది.

చాలా ఏళ్ళకు మా అమ్మతో మళ్ళీ మాటలు కలిశాయి. ఒక మధ్యాహ్నం మా వసారాలో కూర్చుని చింతకాయలు దంచుతూ అన్నది.

“ఏమో వదినా. పెట్టినాననే అనుకున్నా ఇంతకాలం. ఇప్పుడు తల్చుకుంటే, ముందురోజు పెట్టింది గుర్తొస్తా ఉందో, ఆ పొద్దు పెట్టింది గుర్తొస్తా ఉందో తెలవడంల్యా. మరిచే ఉంటా.”

“పోనీలే వదినా, ఇప్పుడెందుకు” అని అమ్మ ఆమె చెయ్యి పట్టుకుంది.

నేను పక్కనే అన్నం తింటున్నాను. అప్పటికి నాకు మీసాలొచ్చాయి, పెళ్ళి కూడా అయింది. ఆమె తన మీద తనే నమ్మకం వదులుకుంటున్నది నా ఎదురుగానే. చెప్పవచ్చు. మజ్జిగ పోయమన్నాను.

చెప్పకపోవడానికి ప్రతి ఏడూ ఒక కారణం దొరికింది. నాయన ఉన్నాడు, వింటే తట్టుకోలేడు. నాయన పోయాడు, పోయినవాడి పరువు. పిల్లల పెళ్ళిళ్ళు. ఆమెకు పెద్దతనం వచ్చింది, ఇప్పుడు కదిలించడమెందుకు. తర్వాత ఆమె పోయింది. పాడె మోసిన నలుగురిలో నేనొకణ్ణి. చిన్నమామ ఆమె తర్వాత ఏడాది కూడా ఉండలేదు.

ఇదంతా మోటారు షెడ్డు దగ్గర నిలబడి అల్లుడికి చెప్పాను. ఇంత సాఫీగా కాదు, వెనకదీ ముందుదీ కలిపేసి చెప్పాను. మొదట నేను కుక్క పోయిన బాధలో ఏదో మాట్లాడుతున్నానని అనుకున్నాడు. పీతల దగ్గరికి వచ్చేసరికి చేతిలో డబ్బా కింద పెట్టాడు.

“చిన్నతాత ఇంట్లో చెప్తా ఉండేవాడు మామా.”

“ఏమని?”

“వదిన కుండ పెట్టింది, కర్రకు తగిలిన చప్పుడు నేను విన్నా, ఆనకే నిద్రపోయినా అని. సచ్చేదాకా అదే చెప్పినాడు. వదిన చేతి కూడు తినేవాడు, ఇంకెట్ట చెప్తాడని ఎవురూ లెక్క చెయ్యలా. జేజి గూడా నమ్మలా. ‘నువ్వు నాకోసం చెప్తా ఉండావు అబ్బయా. నేనే మరిచిపోయినా’ అనేది.”

ఇది నాకు తెలియదు. సాక్షి ఉన్నాడు. ఆ ఇంట్లోనే, ఆమె చేతి ముద్ద తింటూ, చివరిదాకా ఉన్నాడు. ఆమెను నమ్మినవాడు ఒక్కడుంటే, ఆ ఒక్కణ్ణి కూడా ఆమె నమ్మకుండా చేసినవాణ్ణి నేను.

“ఇప్పుడు నన్నేం చెయ్యమంటావు మామా? తిట్టాల్నా? కొట్టాల్నా? ముసిలోడివి, ఒక్క దెబ్బకు గూడా ఆగవు.”

“ఏదో ఒకటి చెయ్యి.”

“నాకు చెప్తే ఏం లాభం? నేనే వాడతా ఉండా ఆ మాట. మా పాప టిఫిన్ డబ్బా మరిచిపోతే నేనే అంటా, ముత్తవ్వ పోలిక వచ్చిందే అని. ఆ పిల్ల ఏడస్తది.” డబ్బా మళ్ళీ చేతిలోకి తీసుకున్నాడు. “ఊరికి చెప్పు.”

“నిలబడి చెప్పలేను. రాస్తాను.”

“రాయి. జేజి పేరు మాత్రం రాయబాక. ఆమెను వాడుకున్నకాడికి చాలు.”

పార తెచ్చి గట్టు కిందే గుంట తీశాడు. కుక్కను ఇద్దరం కలిసి దించాం. మట్టి కప్పాక ఉమ్మడి గట్టు మీది తీగ చుట్ట చుట్టి తీసుకుపోయాడు. మిగతా మూడువైపులా ఉంచాడు. నేను చూస్తూ నిలబడితే, “అటు ఎర్రగుడ్డలు కడతాలే. పందులు కతలు చెప్తే పోవు గదా మామా” అన్నాడు. ఇంతకు ముందైతే దానికి నేను పెద్ద రభస చేసేవాణ్ణి. ఆ రోజు ఇంటికి వచ్చేశాను. అతను మళ్ళీ నాతో మాట్లాడలేదు. మాట్లాడతాడని అనుకోవడం లేదు.

అందుకని ఇందులో పేర్లు లేవు. చావడి అరుగు పడగొట్టారు. ఆ రోజు ప్రశ్నలు అడిగిన పెద్దలు లేరు, నవ్వినవాడు లేడు. వాళ్ళ ప్రశ్నకు జవాబు ఇన్నాళ్ళూ నా దగ్గర ఉంది.

ఆమె ఆ పొద్దున కుండ పెట్టింది. కర్ర మీదినుంచి నేను దించేటప్పుడు నా చేతులకు అంటిన సున్నం అప్పటికి ఇంకా తడిగా ఉంది.